బండ్లు లెక్కపెట్టారు, మరి ప్రాణాలో?

సంక్రాంతి వస్తోందంటే మన యంత్రాంగానికి ముందుగా గుర్తొచ్చేది హైదరాబాద్-విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా. విజయవాడ వైపు ఎన్ని బూత్‌లు తెరవాలి, గంటకు ఎన్ని వాహనాలు వదలాలి, ఆర్టీసీ అదనపు బస్సులు ఎన్ని... సమీక్షల నిండా ఇవే అంకెలు. పండుగ ముగిశాక, లక్షల వాహనాలను సాఫీగా దాటించామని మరో ప్రకటన. ఇన్ని అంకెల్లో ఒక్కటి మాత్రం కనిపించదు. ఆ వారంలో ఊరికి బయల్దేరి చేరనివారు ఎందరు? చేరినా తిరిగి రానివారు ఎందరు?

థాయ్‌లాండ్‌లో కొత్త సంవత్సరానికి, సోంగ్‌క్రాన్ పండుగకు ‘ప్రమాదకరమైన ఏడు రోజులు’ అని పేరు పెట్టి, ఎంతమంది చనిపోయారో, ఎంతమంది గాయపడ్డారో, కారణాలేమిటో ప్రభుత్వమే రోజూ చెబుతుంది. అంతమాత్రాన అక్కడ ప్రమాదాలు ఆగిపోలేదు. కనీసం లెక్క తప్పించుకోవడం లేదు. మన దగ్గర అలాంటి బులెటిన్ మేమెన్నడూ చూడలేదు. 2023లో రోడ్ల మీద 1.72 లక్షల మందిని పోగొట్టుకున్న దేశం మనది.

అంత రద్దీలో ప్రతి బండినీ ఆపితే కిలోమీటర్ల కొద్దీ జామ్ అవుతుందని అధికారులు అంటారు. కావచ్చు. కానీ డిసెంబర్ 31 రాత్రి హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు పెట్టి, ఎందరు పట్టుబడ్డారో గొప్పగా ప్రకటిస్తారు కదా. రెండు వారాలు తిరిగేసరికి కనుమ రాత్రి హైవే మీద ఆ పట్టుదల ఏమైపోతుంది? ఆ రోజు ఊళ్లలో మందు ఎంత పారుతుందో పోలీసులకు ఒకరు చెప్పాలా?

కనుమ నాడు కాకి కూడా కదలదని పెద్దలు అనేవారు. ఇప్పుడు మర్నాడు డ్యూటీ ఉంటే ఆ రాత్రికే కదలాలి. మూడు రోజులుగా సరిగ్గా నిద్రపోని మనిషే స్టీరింగ్ పట్టుకుంటాడు. లేదంటే ఆ ఒక్క ట్రిప్పుకు కూలికి పెట్టుకున్న యాక్టింగ్ డ్రైవర్ వస్తాడు, అతను కిందటి రాత్రి పడుకున్నాడో లేదో అడిగేవారుండరు. డిక్కీలో అరిసెల డబ్బాలు, బియ్యం మూట. వెనుక సీట్లో బెల్టు లేకుండా నలుగురు, ముందు సీట్లో తల్లి ఒళ్లో పిల్లాడు. తెల్లవారుజామున పొగమంచులో, వెనుక లైటైనా వెలగకుండా రోడ్డు వారగా నిలిపిన లారీ. ఆ తర్వాత ఏం జరుగుతుందో మా జిల్లా పేజీలు తిరగేస్తే చాలు.

ప్రైవేటు బస్సుల సంగతి మరీ ఘోరం. 2013 అక్టోబర్ 30న పాలెం వద్ద బస్సుకు మంటలంటుకుని 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు సమీపంలో 19 మంది ప్రయాణికులు అలాగే పోయారు. రెండూ హైదరాబాద్-బెంగళూరు హైవే మీదే, దీపావళికి అటూ ఇటూ, తెల్లవారకముందే. ఘోరం జరిగిన మర్నాటి నుంచి రవాణా శాఖ రోడ్డెక్కి ఎమర్జెన్సీ డోర్లు, పర్మిట్లు చూస్తుంది. కొన్నాళ్లకు అన్నీ మామూలే. సంక్రాంతి నాటికి తనిఖీ అంటే టికెట్ ధర ఎంత అన్నదే మిగులుతుంది. డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పనే అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. పండుగ ట్రిప్పుల్లో ఆ గంటలు లెక్కపెట్టిందెవరు?

లెక్క తెలియక కాదు. పంతంగిలో ఫాస్టాగ్ నుంచి డబ్బు కోసిన సమయం, అదే హైవే మీది మరో టోల్‌ప్లాజా కొర్లపహాడ్‌లో కోసిన సమయం రెండూ కంప్యూటర్లో ఉన్నాయి. మధ్య దూరమూ తెలుసు. బండి ఎంత వేగంతో వచ్చిందో తేల్చడానికి ఐదో తరగతి లెక్క చాలు. మన రోడ్డు మరణాల్లో మూడింట రెండు వంతులు అతివేగం ఖాతాలోవే. టోల్ వసూలుకు పనికొచ్చిన యంత్రం ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరాదు? బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని, సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, 2025 మేలో కేంద్రం తెచ్చింది. పండుగ రోజుల్లో దాని కింద ఎందరికి వైద్యం అందిందో కూడా చెప్పాలి.

భోగి ముందు రోజు నుంచి ముక్కనుమ మర్నాటి దాకా, రెండు రాష్ట్రాల రవాణా మంత్రులూ రోజూ సాయంత్రం మృతుల సంఖ్య, క్షతగాత్రుల సంఖ్య ప్రకటించాలి. ఏ హైవే మీద, ఏ గంటలో, ఎందుకు అన్నదీ చెప్పాలి. ఆ అంకె చదివే ధైర్యం లేకపోతే, ఇన్ని లక్షల బండ్లు దాటించామంటూ మైకుల ముందుకు రాకండి.