బీపీ మిషన్ కొంటే సరిపోదు
పెద్దవాళ్లు ఇంట్లోనే బీపీ చూసుకుని యాప్‌లో ఎక్కించాలని ఒకచోట రాసింది చదివాను, మాట బాగుంది. ఎలా చూసుకోవాలో మాత్రం అందులో రాయలేదు. మా నాన్న మెట్లెక్కి వచ్చీ రాగానే పట్టీ చుట్టుకునేవారు. 160 కనిపించేది, ఆ టెన్షన్‌కి రెండోసారి 170! ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూసుకోవాలి. నిమిషం ఆగి ఇంకోసారి. అరగంట ముందు నుంచీ కాఫీ వద్దు (ఆయనకు ఇదే కష్టం). యాప్ ఆయనకు నచ్చలేదు. తేదీ, టైము వేసి నోట్‌బుక్‌లో రాస్తారు, నేను ఫొటో తీసి డాక్టరుగారికి పంపుతాను. ఇంట్లో సగటు 135/85 లేదా ఆపైన ఉంటే ఎక్కువ కింద లెక్కట. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చదివి ఆయన బీపీ మాత్ర ఆపేయకుండా చూడటానికే ఇంకా తంటాలు పడుతున్నా.