‘కుటుంబం పరువు’ చాటున జైలు రిజిస్టరు

“ఖైదీ జైల్లో చనిపోతే వివరాలు కుటుంబానికి చెబితే చాలు. జనానికి చెప్పడమంటే వాళ్ల పరువు బజారున పెట్టడమే. అయినా అక్కడ పోయేవాళ్లలో ఎక్కువమందివి సహజ మరణాలే. విచారణ సంగతి చట్టం చూసుకుంటుంది.” ఈమధ్య గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సందేశం ఇది. రాసినవాళ్ల మనసు మంచిదే కావచ్చు. కానీ ఇందులో మొదటి ముక్క సగం నిజం. మిగతా మూడింటితో అసలు ప్రశ్నకు జవాబు రాదు.

“కుటుంబానికి చెబితే చాలు”

ముందు కుటుంబానికే చెప్పాలి, అందులో గొడవ లేదు. కొడుకు పోయాడన్న సంగతి తల్లి టీవీ స్క్రోలింగులో చదువుకోవడం కన్నా ఘోరం ఉండదు. ఖైదీలను ఎలా చూసుకోవాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 69వది కూడా ఇదే చెబుతుంది: ఖైదీ చనిపోతే జైలు అధికారి వెంటనే దగ్గరివాళ్లకు తెలపాలి. అక్కడే ఇంకో మాట ఉంది. జబ్బు చేసినా, గాయమైనా ఇంట్లోవాళ్లకు చెప్పొద్దని ఖైదీ కోరితే ఆ కోరికను మన్నించాలి. ఆ మినహాయింపులో మరణం లేదు. పైగా 71వ నియమం ప్రకారం జైలు యంత్రాంగంతో సంబంధం లేని స్వతంత్ర అధికారికి కూడా ఆలస్యం లేకుండా తెలియజేయాలి. అంటే కుటుంబం మొదటి గడప మాత్రమే, చివరిది కాదు.

“పరువు బజారున పెట్టడమే”

అసలు తిరకాసు ఇక్కడుంది. మరణం తర్వాత రెండు రకాల కాగితాలు మిగులుతాయి. ఒకటి మనిషి గురించి: పాత జబ్బులు, ఇంటి గొడవలు, శవం ఫొటోలు. వీటిని దాచాల్సిందే. రెండోది జైలు గురించి: డాక్టర్ కావాలని ఎప్పుడు అడిగాడు, ఎప్పుడు చూపించారు, ఆ రాత్రి డ్యూటీ ఎవరిది, గదిని ఎన్నిసార్లు చూసి వెళ్లారు.

ఆత్మహత్య భయం ఉన్న ఖైదీని పావుగంటకోసారి చూసి రాయాలన్నారనుకోండి. రిజిస్టరు తెరిస్తే 11.00, 11.15, 11.30, 11.45... ఒకే పెన్ను, ఒకే వాలు, తెల్లారేదాకా నిమిషం తేడా లేదు. నిజంగా కాళ్లతో తిరిగినవాడి పట్టీలో 11.02, 11.19 అని ఉంటుంది. మనం తెరిచిన రిజిస్టరు మాత్రం కుర్చీలో కూర్చుని ఒక్క ఊపున నింపిన పట్టీలా కనిపిస్తుంది, సీసీటీవీతో సరిపోల్చి తేల్చుకోవాలి. చెప్పండి, ఈ పేజీలో ఏ కుటుంబం పరువుంది?

జరిగేది తరచూ దీనికి తలకిందులు. పోస్టుమార్టమైనా కాకముందే “మత్తుకు బానిసట”, “మానసిక సమస్యలున్నాయట” అని లీకు. దాచాల్సింది ఊరంతా తిరుగుతుంది. చూపించాల్సిన పట్టీ మాత్రం గోప్యం!

ఇంగ్లండ్, వేల్స్‌లో జైలు మరణాలన్నింటినీ, జబ్బుతో పోయినవాటితో సహా, జైలు యంత్రాంగానికి బయట ఉండే స్వతంత్ర అధికారి అయిన జైళ్ల అంబుడ్స్‌మన్ విచారించి నివేదిక ప్రచురిస్తాడు. కుటుంబాన్ని ముందే కలిసి వాళ్ల ప్రశ్నలు తీసుకుంటారు, ముసాయిదా చూపిస్తారు. గోప్యతకూ నివేదికకూ అక్కడ పేచీ రాలేదు.

“సహజ మరణాలే”

ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కల్లో 2022లో మన జైళ్లలో 1,995 మంది చనిపోయారు. అందులో 1,773 ‘సహజం’. నిజమే. కానీ ఆ పదం చావుకు జబ్బు కారణమని చెబుతుందంతే, మందు అందిందో లేదో చెప్పదు. ఇన్సులిన్ అందక పోయిన షుగర్ రోగిది కూడా కాగితం మీద సహజ మరణమే అవుతుంది.

“చట్టం చూసుకుంటుంది”

కస్టడీ మరణంపై జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ చేయాలని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 176(1ఏ) చెప్పింది, ఇప్పుడు అది దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 196. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 24 గంటల్లో తెలపాలన్న ఆదేశం 1993 నుంచీ ఉంది. అయితే విచారణ జరగడం వేరు, దాని నివేదిక జనం చేతికి రావడం వేరు. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడిగితే ‘వ్యక్తిగత సమాచారం’ అంటూ అందులోని సెక్షన్ 8(1)(జె) చూపించి తిప్పి పంపొచ్చు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ క్లాజును మరింత బిగించింది కూడా. కానీ ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) అలాగే ఉంది.

కాబట్టి దరఖాస్తు పెట్టేవాళ్లు చనిపోయిన మనిషి వైద్య చరిత్ర అడగొద్దు. ఆ రాత్రి డ్యూటీ చార్టు, తనిఖీ పట్టీ, ఆస్పత్రికి కబురు వెళ్లిన సమయం, బండి గేటు దాటిన సమయం అడగండి. దానికీ ‘కుటుంబ గోప్యత’ అనే జవాబొస్తే, ఎవరి కుటుంబమని అప్పీల్లో అడగండి.