విశ్రామ్ అనేవారు లేక

మా తాత దివసాలనాడు కడపలో మా ఇంటి ముందు సంతాపసభ కూడా పెట్టాలన్న ఆలోచన ఎవరిదో ఇప్పుడు అడిగితే ఎవరూ ఒప్పుకోవడం లేదు. షామియానా వేశారు, మైకు వచ్చింది, తాతతో పని చేసిన మాజీ సైనికులు చొక్కాలకు పతకాలు తగిలించుకొని చెప్పిన వేళకే వచ్చి కూర్చున్నారు. అధ్యక్షుడు మాత్రం వంటలు దిగే వేళకు వచ్చాడు. మా పేటలో పెళ్లికైనా చావుకైనా మైకు ముందు ఈయనే ఎందుకుంటాడో నాకు ఇంతవరకు అంతుపట్టలేదు.

వచ్చీ రాగానే ఆయన 1971 యుద్ధంలో తూర్పు పాకిస్తాన్‌లో లొంగిపోయిన 93 వేల మందిని మా తాత ఒంటిచేత్తో పట్టి తెచ్చినట్లు ప్రసంగించాడు. నిజానికి తాత ఆ యుద్ధమంతా పశ్చిమ సరిహద్దులోనే ఉన్నాడు. "తూరుపున డిసెంబరు 16నే అయిపోయింది, మాకు 17 రాత్రి ఎనిమిదింటి దాకా కాల్పులు ఆగలేదు" అంటూ, ఆ ఒక్కరోజు తేడాను రావలసిన పాతబాకీ మాదిరి జీవితాంతం గుర్తు పెట్టుకొన్న మనిషి. ఆ సంగతి సరిదిద్దే సందు దొరకలేదు. మాల వేయమని పిలుపు వచ్చింది, నేను ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాను, చామంతి మాలను రెండు చేతులా పటం పై అంచు దాకా ఎత్తానో లేదో, "అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించండి" అన్నాడు అధ్యక్షుడు. ఆ వెంటనే ఆయన జేబులోనే ఫోను మోగింది. దానిని చెవికి ఆనించుకొని ఆయన షామియానా వెనుకకు వెళ్లిపోయాడు.

మాల వేసేసి దిగవచ్చు గదా అని మీరు అనవచ్చు. ముందు వరుసలో ఎనభై దాటిన పెద్దలు సావధాన్‌లో కొయ్యబారి నిలబడి నావైపే చూస్తున్నప్పుడు, చిటికెనవేలు కదిపినా తాత పనిచేసిన, 1758లో పుట్టిన మద్రాసు రెజిమెంటు పరువు నా చేతుల్లోనే పోతుందేమోనన్న భయం ఎటువంటిదో కుర్చీ ఎక్కితేగాని తెలియదు. అందువల్ల చేతులు ఎత్తినవి ఎత్తినట్లే ఉంచి, అంగుళాల దూరంలో ఉన్న తాత ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను.

ఈ ఎండలో పుట్టి పెరిగిన మనిషి 1962లో చైనా యుద్ధం నాటి భర్తీలో చేరి, శిక్షణకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు వెళ్లి, మొదటి రాత్రి రెండు కంబళ్లు కప్పుకొని కూడా నిద్రపోలేదట. 1965 యుద్ధం గురించి అడిగితే సమర్ సేవా స్టార్ పతకం తీసి చూపి ఊరుకొనేవాడు గాని, నలుగురు కూతుళ్లకు వరుసగా జడలు వేసిన కథ మాత్రం అడగకుండానే చెప్పేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆదివారం పొద్దున వాళ్లను వసారాలో నిలబెట్టి గోళ్లు చూసేవాడు. తెల్లరంగుతో సైనిక నంబరు రాసిన ఆయన నల్ల ఇనుప పెట్టెలో బూటుపాలిష్ డబ్బీ పక్కనే ఆ నలుగురి పెళ్లిచీరల రసీదులు ఇప్పటికీ ఉన్నాయి. పింఛను మీద ఇంటికి వచ్చాక మైదుకూరు దగ్గర కె.సి. కాలువ కింద పసుపు పండించాడు. ఆ మట్టిలో వేలిగీతలు అరిగిపోవడంతో, 2014లో వేలిముద్ర పెట్టి ఇచ్చే డిజిటల్ జీవన ప్రమాణ పత్రం వచ్చిన నాటి నుంచి ప్రతి నవంబరులోనూ ఆ యంత్రం ఆయన బతికి లేడనే వాదించేది. "రెండు యుద్ధాల్లో చావనోణ్ణి, ఈ డబ్బీ చంపుతాందే" అని గొణుక్కొంటూ ఆయన రెండవ బొటనవేలు అందించేవాడు.

ఇంత తలచుకొన్నా మౌనం ముగియలేదు. భుజాలు మండుతున్నాయి, కుర్చీ వణుకుతోంది, షామియానా వెనుక నుంచి ఏదో స్థలం ధర గురించిన బేరం స్పష్టంగా వినిపిస్తోంది. మాజీ సైనికులు మాత్రం కదలరు. సావధాన్ అయినవారికి విశ్రామ్ అనే మాట వినబడాలి, ఆ మాట అనవలసినవాడు అంకణం ఎనిమిది వేల దగ్గర పట్టుబట్టి ఉన్నాడు.

చివరకు మా అవ్వ వాకిట్లో నుంచి గట్టిగా కేకవేసింది: "మీ తాతే వుండింటే ఈపాటికి అందురికీ అన్నం పెట్టించి సాగనంపిండు. కుచ్చోండి నాయనా!"

ఆ ఆజ్ఞకు ముందు వరుస అంతా ఒక్కసారిగా కూర్చుంది. ఆ అలికిడికి అధ్యక్షుడు పరుగున వచ్చి, మైకు అందుకోవడానికి సరిగ్గా పటం కింద వంగాడు. అప్పటికే నా చేతులు నా మాట వినడం మానేశాయి. మాల జారి నేరుగా ఆయన మెడలో పడింది. వెనుక వరుసలో ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు.

చచ్చినవారి మాల మెడలో పడినందుకు దేవుని కడపలో అర్చన చేయించుకొన్నానని, ఆ ఖర్చు నేనే పెట్టుకోవాలని నిన్న ఆయన కబురు పంపాడు. ఆ ఫోనులో అవతల బేరమాడినదెవరో చెబితే అందులో సగం అతని దగ్గర వసూలు చేసి ఇస్తానని నేనూ తిరుగు కబురు పంపాను. ఇంకా జవాబు రాలేదు.