తెలుగు, ఒడియా, మధ్యలో ముగ్గు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో మా పక్కింటి బాబుకి ఆరేళ్లు. ఆటిజం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నెలకోసారి తీసుకెళ్లే విశాఖ థెరపీ సెంటర్‌లో సగం ఇంగ్లీషు. ఇన్ని భాషలైతే మాటలెలా వస్తాయని ఎవరో అంటే, తల్లి కొన్నాళ్లు వాడితో తెలుగు మానేసి వచ్చీరాని ఒడియాలో నెట్టుకొచ్చింది. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకు మాట ఇంకా ఆలస్యమవుతుందని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. వాడికి అమ్మ జోలపాట మాత్రం పోయింది.

మార్గశిర గురువారాల్లో ఎదురింటి ఒడియా వాళ్లు బియ్యప్పిండి నీళ్లతో ఝోటి అనే ముగ్గు వేస్తారు. వీళ్ల గుమ్మంలో చుక్కల ముగ్గు. తడి పిండి వేలికి తగిలితే బాబు కేకలు పెడతాడు, పొడి పిండి అయితే సరే. ఒకరోజు తల్లి వరసలో ఒక చుక్క పెట్టకుండా ఆగింది. వాడు కాసేపు ఊగాడు, ఆమె చెయ్యి పట్టి ఆ ఖాళీ దగ్గరికి లాగాడు. లాగి, ముఖంలోకి చూశాడు. ఆ చూపు కోసమే థెరపిస్టులు నెలల తరబడి కష్టపడతారు.

బొమ్మలు గీయడం వల్ల ఇలాంటి పిల్లలకు జరిగే మేలు నాకు తెలిసినంతలో ఇలాంటిదే. చెయ్యి పట్టి నెమలిని దిద్దించి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే అది డ్రాయింగ్ క్లాసు. ఆటిజం ఉన్న లండన్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ నగరాలను జ్ఞాపకం నుంచి గీసే వీడియోలు చూపించి తల్లిదండ్రులకు ఆశ పెడతారు. అలాంటి వాళ్లు ఎక్కడో ఒకరు.

ఆధారాల సంగతికొస్తే, సంగీత థెరపీని 9 దేశాల్లో 364 మంది పిల్లలపై పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. ఆటిజం లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక బొమ్మలు గీయించడం మీద జరిగినవి చాలావరకు చిన్న అధ్యయనాలే. అందుకే స్పీచ్ థెరపీ మాన్పించి రంగులు చేతికిచ్చే వాళ్లంటే నాకు భయం. పైగా భారత పునరావాస మండలి నమోదు చేసే నిపుణుల్లో స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు ఉన్నారు గానీ బొమ్మలతో చికిత్స చేసే ఆర్ట్ థెరపిస్టు అనే వర్గమే లేదు. బోర్డు ఎవరైనా కట్టుకోవచ్చు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. కానీ గజపతి జిల్లా తల్లికి తన భాషలో, తన ఊళ్లో, చుక్క దగ్గర ఎప్పుడు ఆగాలో చూపించే మనిషి కావాలి. అంగన్‌వాడీ కార్యకర్తకు ఆ మాత్రం నేర్పడానికి విశాఖ దాకా పోనక్కర్లేదు.

బాబు ఇప్పటికీ చుక్కలు కలపడు. ఎవరైనా కలిపితే తుడిచేస్తాడు. వాళ్ల గుమ్మంలో ఇప్పుడు చుక్కలే ఉంటున్నాయి. వాటిని తల్లి తెలుగులోనే లెక్కపెడుతోంది.