మనవాళ్ళెవరికీ అవసరం లేదండీ

ఈసారి ఉగాదికి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పంచాంగ శ్రవణం ముగిసేసరికి ఒంటిగంట దాటింది. హైస్కూల్ కెఫెటీరియాలో మొదలైన భోజనాల లైను తలుపు దాటి పార్కింగ్ లాట్ దాకా సాగింది. నా రాశికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ అని పంతులుగారు చదివారు. అరగంట తిరక్కుండానే అది జరిగింది. నలుగురిలో కాదు, నాకొక్కడికే తెలిసేలా.

ఇక్కడ సిలికాన్ వ్యాలీలో మన తెలుగు సంఘానికి సొంత హాలు కట్టుకోవాలని ఎన్నేళ్ళుగా అనుకుంటున్నామో మీకు తెలుసు. దానికి గ్రాంటు దొరుకుతుందేమో చూద్దామని ఇక్కడి కమ్యూనిటీ ఫౌండేషన్ (దాతల డబ్బు పోగుచేసి ఊరి అవసరాలకి ఇచ్చే సంస్థ) ఒకదాంట్లో గ్రాంట్ల వ్యవహారం చూసే ఆవిడని మన ఈసీ (కార్యవర్గం) వాళ్ళు అతిథిగా పిలిచారు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. విడిగా టేబుల్ వేస్తామన్నా వినకుండా ఆవిడ వచ్చి లైన్లోనే నిలబడింది. పచ్చడి కప్పు అందుకుని, ఈ చేదు ఎక్కడిదని అడిగింది. వేపపువ్వు అని చెప్పాం. రెండో గుటక కూడా తాగింది, మెచ్చుకోవాలి. అప్పుడు మామూలు కబుర్లలో భాగంగానే, "మీవాళ్ళలో ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి మీరు ఎలా సాయపడతారు?" అంది.

మన అధ్యక్షులు నవ్వారు. "మనవాళ్ళెవరికీ అవసరం లేదండీ. మేమంతా ఇచ్చేవాళ్ళమే, పుచ్చుకునేవాళ్ళం కాదు" అన్నారు. అన్నది ఇంగ్లీషులో. చుట్టూ ఉన్నవాళ్ళం తలలూపాం.

పచ్చడి పోస్తున్న పిన్నిగారి గరిట గిన్నె అంచుకి ఠంగుమని తగిలింది. ఆవిడ తలెత్తలేదు. తర్వాతి కప్పు నిండి, పచ్చడి దాన్ని పట్టుకున్న కుర్రాడి వేళ్ళ మీదుగా కారింది. "అయ్యో, తుడుచుకో నాయనా" అంటూ కొంగు చివర అందించింది. అంతే. లైను ముందుకి కదిలింది.

పిన్నిగారికి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. పౌరసత్వం పరీక్ష ఇంగ్లీషులోనే పాసైంది. వంద ప్రశ్నలూ నా కారులో బట్టీ పట్టింది. సుప్రీంకోర్టులో జడ్జీలు ఎంతమంది అంటే "తొమ్మండుగురు" అని ముందు తెలుగులో అనుకుని, ఆ తర్వాత "నైన్" అనేది. ఆవిడ ఉండేది ఎల్ కామినో రోడ్డు పక్కన, తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో. ఒక గది, మూలన వంటగట్టు. కొడుకు ఉద్యోగం టెక్సస్‌కి మారింది, ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. ఎందుకని నేను అడగలేదు. మనవాళ్ళలో అడగకూడని ప్రశ్న అదొక్కటే, అందరూ అడిగేదీ అదే.

ఆ గది కోసం వెయిటింగ్ లిస్టులో మూడేళ్ళు ఉంది. ఇంటర్వ్యూకి నేనే తీసుకెళ్ళాను. కాగితాలన్నీ పట్టుచీరల కొట్టు కవర్లో పెట్టుకొచ్చింది. ఆస్తులేమిటి అని అడిగినప్పుడు నా వైపు తిరిగి, "గాజులు కూడా చెప్పాలా అబ్బాయ్?" అంది గొంతు తగ్గించి. అవతలి అమ్మాయికి మాట తెలియకపోయినా, పిన్నిగారు చెయ్యి వెనక్కి దాచుకోవడం చూసి సంగతి పట్టేసింది. ఒంటి మీద రోజూ వేసుకునేవి లెక్కలోకి రావని చెప్పింది. తిరిగొస్తూ కారులో పిన్నిగారు ఆ గాజుల్ని పదిసార్లు తిప్పుకుని ఉంటుంది.

ఇదంతా తెలిసి కూడా ఆరోజు నేను నోరు మెదపలేదు. నాకు తగిలిన అవమానం అది. (పిన్నిగారికి చదివి వినిపించాకే ఇది పత్రికకి పంపుతున్నాను. వాళ్ళ ఊరి పేరు తీసెయ్యమంది, తీసేశాను. పచ్చడి దగ్గర ఆరోజు ఐదుగురు ఆడవాళ్ళు మారి మారి నిలబడ్డారు, ఎవరా అని లెక్కలు కట్టకండి.)

అధ్యక్షుల్ని తప్పుబట్టాలని కాదు. అడిగింది నన్నే అయితే నేనూ ఆ మాటే చెప్పేవాణ్ణేమో. మనకి ఆ ప్రశ్న గ్రాంటు ఫారంలో ఒక గడిలా వినిపించింది. నిజానికి కమ్యూనిటీ ఫౌండేషన్ అనేది పుట్టిందే ఆ ప్రశ్నతో. 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదటిదాన్ని పెట్టాడు. ధనవంతులు వీలునామాల్లో ఫలానా పనికే అని డబ్బు రాసి పోతారు, యాభై ఏళ్ళకి ఆ పని అవసరమే ఉండదు, డబ్బు మాత్రం చనిపోయినవాడి మాటకి కట్టుబడి పడుంటుంది. ఆ బాధ చూసి ఆయన, ఊరివాళ్ళ డబ్బంతా ఒకచోట చేర్చి, ఏ కాలానికి ఎవరికి అవసరమో ఊరి పెద్దలే తేల్చే ఏర్పాటు చేశాడు. మన భాషలో ఊరుమ్మడి హుండీ అనుకోండి.

మనకి దగ్గర్లో ఉన్నది సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్. 2007లో రెండు పాత ఫౌండేషన్లు కలిస్తే అయింది. 2012 డిసెంబరులో జుకర్‌బర్గ్ దాదాపు 50 కోట్ల డాలర్ల విలువైన ఫేస్‌బుక్ షేర్లు దానికిచ్చాడు, మరుసటి ఏడాది అంతకు రెట్టింపు విలువ చేసేవి. ఈ లెక్కలు చూసి కళ్ళు తిప్పుకోలేం. కానీ ఈ హుండీలో ఒక కిటుకు ఉంది. ఇందులో ఎక్కువ డబ్బు డోనర్ అడ్వైజ్డ్ ఫండ్లది. వేసినవాడికి పన్ను మినహాయింపు ఆ ఏడాదే వస్తుంది, ఎవరికి ఎప్పుడివ్వాలో తర్వాత తీరిగ్గా చెప్పొచ్చు. ప్రైవేటు ఫౌండేషన్లయితే ఏటా తమ ఆస్తిలో సుమారు 5 శాతం ఖర్చు పెట్టి తీరాలని చట్టం ఉంది, వీటికి ఆ గడువు లేదు. హుండీలో వేశాక కూడా చెయ్యి బయటికి తియ్యకుండా నిలబడ్డ భక్తుడిలాంటి వ్యవహారం. ఈ పద్ధతిని తిట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు, తిట్టడంలో న్యాయం ఉంది.

అయితే ఫౌండేషన్ తన చేతులతో ఇచ్చే డబ్బు వేరే ఉంటుంది. మొత్తంతో పోలిస్తే అది చిన్నదే. పిన్నిగారి బతుకులో నేను చూసింది అలాంటి చిన్న డబ్బునే. చవకగా అద్దెకిచ్చే ఇళ్ళకి పెద్ద డబ్బు ప్రభుత్వం వైపు నుంచి వస్తుంది. 1986 నాటి పన్ను చట్టంలో పెట్టిన టాక్స్ క్రెడిట్లు ఒకటి. 2016లో శాంటా క్లారా కౌంటీలో మనం ఓట్లేసిన మెజర్ ఏ అనే ప్రతిపాదన ఇంకోటి, 95 కోట్ల డాలర్ల బాండ్లు. కంపెనీలూ ఇస్తాయి, ఇల్లు లేనివాళ్ళ కోసం పనిచేసే డెస్టినేషన్ హోమ్ అనే సంస్థకి సిస్కో 2018లో ఐదేళ్ళకి కలిపి 5 కోట్ల డాలర్లు ప్రకటించింది. కానీ స్థలానికి బయానా, మట్టి పరీక్ష, ఆర్కిటెక్టు ఫీజు, సిటీ హాలు చుట్టూ రెండేళ్ళు తిరిగే మనిషి జీతం, ఇలాంటి ముందరి ఖర్చులకి డబ్బు పుట్టడం కష్టం. ఇల్లు లేస్తుందో లేదో తెలియకముందే పెట్టాల్సిన డబ్బు కాబట్టి బ్యాంకులు జంకుతాయి. అలాంటిచోట ఫౌండేషన్లు చెయ్యి వేస్తాయి.

వలస వచ్చినవాళ్ళ సంగతీ అంతే. పిన్నిగారి పౌరసత్వం ఫారం ఒక శనివారం లైబ్రరీలో ఉచితంగా నింపిపెట్టింది ఒక స్వచ్ఛంద సంస్థ. ఆ సంస్థ గోడ మీద దాతల జాబితాలో కమ్యూనిటీ ఫౌండేషన్ పేరు చూశాను. ఫారం నింపిన లాయరు వియత్నాం నుంచి చిన్నప్పుడు వచ్చినావిడ. 2020లో కరోనా వచ్చి కాగితాలు లేనివాళ్ళకి ఫెడరల్ చెక్కులు అందనప్పుడు, కాలిఫోర్నియా ప్రభుత్వం 7.5 కోట్ల డాలర్లు పెట్టి, దాతృత్వ సంస్థల్ని ఇంకో 5 కోట్లు పోగుచెయ్యమంది. మనిషికి 500 డాలర్లు. మన ఇళ్ళకి కప్పు వేసినవాళ్ళకీ, మన పెళ్ళిళ్ళలో గిన్నెలు తోమినవాళ్ళకీ అందిన డబ్బు అది.

ఇక మన సంగతి. ఊరికి పంపేదాన్ని నేను ఒక్క మాట కూడా అనను. తాగునీటి ప్లాంటు, బడికి బెంచీలు, శ్మశానానికి ప్రహరీ, అన్నీ కావలసినవే. ఇక్కడ చదువుకుంటున్న కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పోతే, తెల్లారేసరికి డబ్బు పోగుచేసి శవాన్ని ఊరికి పంపే జాతి మనది. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ళ అత్యవసర సాయ బృందం టీమ్ స్క్వేర్ వాళ్ళు అర్ధరాత్రి ఫోన్లు ఎత్తడం నేను కళ్ళారా చూశాను. ఇచ్చే గుణం మనకి ఊరి నుంచే వచ్చింది.

మా తాతయ్య ఏటా ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టించేవాడు. తాటాకు పందిరి, ఇసకలో ఐదు కుండలు, నీళ్ళలో వట్టివేళ్ళు. ఆ వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. సెలవుల్లో నీళ్ళు పోసే పని నాది. ఇన్నేళ్ళుగా ఈ కథ మన వేదికల మీద ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. అక్కడ కొందరికి గ్లాసుతో ఇచ్చేవాణ్ణి. కొందరు గ్లాసు అడక్కుండానే పక్కకి జరిగి వంగి దోసిలి పట్టేవాళ్ళు, వాళ్ళకి పొడుగు కాడ గరిటతో పైనుంచి పోసేవాణ్ణి. ఎవరూ నాకు నేర్పలేదు, వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళవాడికి ఏ మనిషికి ఏ గరిటో తెలుసు. సత్రాలూ అంతే. గుమ్మంలో అడిగే మొదటి ప్రశ్న ఆకలేస్తోందా అని కాదు, మీరేమిట్లు అని. వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకల్లా వండిపెట్టిన డొక్కా సీతమ్మగారిని నూరేళ్ళు దాటినా తలుచుకుంటున్నామంటే, అలాంటివాళ్ళు ఎంత అరుదో చూడండి.

సముద్రం దాటినా ఆ గరిట మన చేతిలోనే ఉంది. ఇక్కడ దాని కాడ ఇంకా పొడుగైంది, అంతే. ఇచ్చేవాళ్ళు ఒక వైపు, పుచ్చుకునేవాళ్ళు ఎక్కడో కనపడనంత దూరంలో. పుచ్చుకునే మనిషి పక్కనే నిలబడి మనకి పచ్చడి పోస్తుంటే చూడలేం.

కిందటేడు నాలుగంతస్తుల చవక అద్దె భవనం ఒకటి వస్తుందన్నప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. స్కూళ్ళు కిక్కిరిసిపోతాయి, ఇళ్ళ ధరలు పడిపోతాయి, అందరూ సిటీ కౌన్సిల్‌కి రండి అని. చివర్లో దండం బొమ్మ. నేనూ దాన్ని ఇంకో రెండు గ్రూపులకి పంపాను, దండం బొమ్మతో సహా. అప్పటికి పిన్నిగారు అలాంటి భవనంలోనే ఉంటోంది. ఈ రెండు విషయాలూ నా తలలో ఒకదానికొకటి తగలకుండా ఎలా పక్కపక్కన కూర్చున్నాయో నాకిప్పటికీ అర్థం కాదు. ఈ ఎల్ కామినో మీదే ఒకప్పుడు 22 నంబరు బస్సులో రాత్రంతా ఇల్లు లేనివాళ్ళు పడుకునేవాళ్ళు. "హోటల్ 22" అనేవాళ్ళు దాన్ని. పగలు అదే బస్సెక్కి పిన్నిగారు గుడికి వెళ్తుంది.

అవతలివైపు మాటా చెప్పాలి. మనవాళ్ళలో చాలామంది గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. నెలనెలా మార్టిగేజ్ టెన్షన్. ఇంత ఊగిసలాటలో ఉన్నవాణ్ణి పట్టుకుని ఈ ఊరికి కూడా ఇవ్వవయ్యా అంటే, ఈ ఊరు నాదని ఎవరు చెప్పారు అంటాడు. అది తీసిపారేసే మాట కాదు. కానీ లే ఆఫ్ అయిన కుర్రాడికీ, భర్త చేతిలో దెబ్బలు తిని అర్ధరాత్రి బయటికొచ్చిన అమ్మాయికీ ముందు తలుపు తీసేది ఈ ఊరి సంస్థలే. 1991 నుంచి ఇక్కడ మన దక్షిణాసియా ఆడవాళ్ళకి అండగా ఉన్న మైత్రికి ఫోన్ చేసేవాళ్ళలో తెలుగువాళ్ళు ఉండరని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

అందుకని ఈసీని, బోర్డుని ఒకటి బతిమాలుకుంటున్నాను. హాలు కోసం గ్రాంటు అడిగే ముందు ఆ ఫౌండేషన్ ఆవిడ ప్రశ్నకి జవాబు తయారుచేద్దాం. దీపావళి సంగీత విభావరికి సౌండు, లైట్లకి పెట్టేదాంట్లో పదో వంతు తీసి, ఇక్కడి ఫౌండేషన్‌లోనే సంఘం పేరు మీద చిన్న నిధి తెరుద్దాం. డబ్బు అందులో నిద్రపోకూడదు, ఏడాదిలోపు ఈ ఊళ్ళోనే ఖర్చవ్వాలని తీర్మానం రాసుకుందాం. పెద్ద అట్ట చెక్కుతో ఫోటోలు వద్దు. సాయం కావలసినవాళ్ళు గుట్టుగా ఫోన్ చెయ్యడానికి ఒక నంబరు, ఎత్తడానికి వారానికొకరు చాలు. వచ్చేసారి చవక అద్దె ఇళ్ళ మీద సిటీ కౌన్సిల్‌లో చర్చ జరిగితే, కావాలి అని చెప్పడానికి మనవాళ్ళు ఐదుగురు మైకు దగ్గర నిలబడాలి. ఆ ఐదుగురిలో మొదటి పేరు నాది రాసుకోండి.

వచ్చే ఈసీ మీటింగు ఎజెండాలో దీన్ని చేర్చమని మెయిల్ పెట్టాను. పిక్నిక్ పార్కింగ్ సంగతి తేలాక చూద్దామని జవాబొచ్చింది. సరే, పది నిమిషాలు ఇచ్చినా చాలు.

మీటింగుకి పిన్నిగారిని కూడా రమ్మన్నాను. "నేనొస్తే అందరికీ తెలిసిపోతుంది కదా నాయనా" అంది. ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక కుక్కర్ కూత వినిపించింది. "ఎంతమంది ఉంటారు? పులిహోర కలిపి తెస్తాలే" అంది.