మంచం పక్కన ఉన్నవాళ్లు ఏ జాబితాలోనూ లేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. ఆ తర్వాత కొద్ది రోజులకే మా ఇంటికి వచ్చే అటెండెంట్ రావడం ఆగిపోయింది. ఫిజియోథెరపిస్ట్ కూడా రాలేనని ఫోన్ చేశారు. తప్పు వాళ్లది కాదు, బయట అడుగు పెట్టే వీలే లేదు. కానీ పక్షవాతంతో కుడివైపు పూర్తిగా పడిపోయిన అమ్మకి చేయాల్సిన పనుల్లో లాక్‌డౌన్ అని ఆపగలిగింది ఒక్కటీ లేదు.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది, ఆ తర్వాత పుండు పడుతుంది. పగలూ రాత్రీ తేడా లేదు. పన్నెండుకి, రెండుకి, నాలుగుకి అలారం. ముందు "అమ్మా, తిప్పుతున్నా" అని చెప్పాలి, లేకపోతే ఉలిక్కిపడి బిగుసుకుపోతుంది. మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం వెనక, ఇంకో చెయ్యి తుంటి వెనక వేసి నా వైపు తిప్పుకోవాలి. పడిపోయిన చేతిని పట్టుకుని మాత్రం లాగకూడదు, భుజం కీలు జారుతుంది. వీపుకి ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడత పెట్టిన టవల్. అంతకుముందు ఇద్దరం కలిసి చేసిన పని ఇది. నాలుగు నెలలు ఒక్కదాన్నే చేశాను.

ఆ రోజుల్లో డాక్టర్లకి, నర్సులకి, పారిశుద్ధ్య కార్మికులకి జనం చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే. నేనూ కొట్టాను. అత్యవసర సేవల జాబితాలు కూడా వచ్చాయి. నా కంటపడ్డ ఏ జాబితాలోనూ ఇంట్లో మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్ల ప్రస్తావన లేదు. జీతం లేదు కాబట్టి అది ఉద్యోగం కాదు, ఉద్యోగం కాదు కాబట్టి పాస్ లేదు, మాస్కుల్లేవు, గ్లోవ్స్ లేవు, సెలవూ లేదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. ఇంటి పని, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం అన్నీ కలిపితే 64 దేశాల్లోనే రోజుకి 1,640 కోట్ల గంటల పని జీతం లేకుండా జరుగుతోందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క కట్టింది. అందులో నాలుగింట మూడొంతులకు పైగా ఆడవాళ్లే చేస్తున్నారు. లాక్‌డౌన్‌లో డే కేర్ సెంటర్లు మూతపడ్డాయి, ఇంటికొచ్చే సాయం ఆగింది. ఆ గంటలన్నీ ఎవరి నెత్తిన పడ్డాయో వేరే చెప్పాలా?

"అమ్మే కదా, చూసుకోకపోతే ఎలా" అన్నవాళ్లున్నారు. చూసుకోనని నేనెప్పుడన్నాను? ప్రేమ ఉంటే నడుం నొప్పి రాదా? అమెరికాలో వృద్ధ దంపతుల మీద జరిగిన ఒక అధ్యయనం 1999లో వచ్చింది. జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ, ఆ భారంతో నలిగిపోతున్నవాళ్లలో నాలుగేళ్లలో చనిపోయే ప్రమాదం, అలాంటి బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే 63 శాతం ఎక్కువని తేలింది. అది మామూలు రోజుల సంగతి.

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటుండేది. నాకే కరోనా వస్తే? నేను వేరే గదిలో ఉండాల్సి వస్తే అమ్మని తిప్పేదెవరు? ఒక రాత్రి రెండింటి అలారం తర్వాత ఇక పడుకోలేక, కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఏ మాత్ర ఎన్నింటికి. నీళ్లు పల్చగా ఇస్తే పొలమారుతుంది, చిక్కపరిచే పొడి కలపాలి. కూర్చోబెట్టాకే తాగించాలి, తాగాక అరగంట పడుకోబెట్టకూడదు. ఎడమ చేత్తో దుప్పటి గుంజుతుంటే తడిసిందని అర్థం. మాట రాక ఏడిస్తే కంగారు పడొద్దు, ఎడమ అరచెయ్యి పట్టుకుని కూర్చోండి. రెండు వైపులా నిండింది. మంచం పక్కన అలమర తలుపుకి అతికించాను. అమ్మని కళ్లు మూసుకుని చూసుకోగలిగేంత నాకు తెలుసు, కానీ అదంతా నా తలలోనే ఉందని ఆ రాత్రి తెలిసింది. ఇలా ఇంట్లో మనిషిని చూసుకుంటున్నవాళ్లు ఈ పోస్ట్ చదువుతుంటే, దయచేసి ఈ రోజే అలాంటి కాగితం రాసిపెట్టండి.

చాలామంది ఫోన్ చేసి "ఏమన్నా కావాలంటే చెప్పు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఏం కావాలో ఆలోచించుకుని, ఎవరిని అడగాలో తేల్చుకుని అడగడానికి కూడా ఓపిక కావాలి. వేరే ఊళ్లో చిక్కుకుపోయిన మా తమ్ముడు అలా అడగలేదు. "అక్కా, మందులు, డైపర్లు తెప్పించడం, డాక్టర్‌తో వీడియో కాల్ టైమ్ తీసుకోవడం ఇకనుంచి నా పని. నువ్వు మర్చిపో" అన్నాడు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మతో అరగంట ఒక్కడే మాట్లాడేవాడు. అమ్మ మాట్లాడలేదు, వింటుంది. ఫోన్‌ని దిండుకి ఆనించి పెట్టి, నేను పక్క గదిలో తలుపు దగ్గరేసుకుని పడుకునేదాన్ని. ఆ అరగంట లేకపోతే నేను ఏమైపోయేదాన్నో.

ఇలాంటి సాయం ప్రభుత్వాలు చేయలేనిదేం కాదు. బ్రిటన్‌లో టీకాల ప్రాధాన్య జాబితాలో జీతం లేని సంరక్షకులకి ఆరో వరుసలో చోటిచ్చారు. అంటే తలుచుకుంటే లెక్కలోకి తీసుకోవచ్చన్నమాట. మళ్లీ ఎప్పుడైనా తలుపులన్నీ మూయమని ఆదేశం రాయాల్సి వస్తే, అదే కాగితంలో ఈ మాటలు కూడా రాయండి: మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటికి వెళ్లే అటెండెంట్‌కి పాస్ ఇస్తాం. ఆ ఇంటికి మాస్కులు, గ్లోవ్స్ పంపుతాం. చూసుకునే మనిషికి జబ్బు చేస్తే ఇరవై నాలుగు గంటల్లోపు ఇంకొకర్ని పంపుతాం.