మహారాజశ్రీ తోక చక్రం గారికి

మహారాజశ్రీ తోక చక్రం గారికి,

టెక్సాస్ నుంచి మీ శిష్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం. మీరూ క్షేమమే, నా కళ్ళతో చూశాను. మీరు తోక కింద ఉండే మన చిన్న విమానం పైపర్ కబ్ కుడి రెక్క చివర మాత్రం క్షేమంగా లేదు.

పోయిన శనివారం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కబ్‌లో నేర్చుకునేవాడు వెనక సీట్లో కూర్చోవాలి. దిగేటప్పుడు ఎదురుగా గురువుగారి మెడ తప్ప రన్‌వే కనబడదు. అయినా ఆ రోజు మూడు చక్రాలూ ఒకేసారి నేలకానాయి, చప్పుడు కూడా రాలేదు. ఇంత బాగా దిగానని ఇంట్లో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఎడమ నుంచి చిన్న గాలి. ముక్కు కాస్త ఎడమకి జరిగింది, ఇంకాస్త జరిగింది. కళ్ళు మూసి తెరిచేసరికి, వచ్చిన దారే మళ్ళీ ఎదురుగా ఉంది. కుడి రెక్క నేలను గీరిన చప్పుడు మాత్రం చక్కగా వినబడింది. అప్పుడు నేను కుడి పెడల్ తొక్కుతుంటే గురువుగారు మెడ తిప్పకుండానే, "ఇప్పుడెందుకు? అయిపోయిందిగా" అన్నారు.

ఏనుగు వెళ్ళి తోక చిక్కడమంటే ఏమిటో మా తెలుగు మాస్టారు ఎంత చెప్పినా ఎక్కలేదు. మీరు ఒక్క పూటలో ఎక్కించారు.

ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించి రివర్స్ చేసినవాడికి మీ గుణం విడమరిచి చెప్పక్కర్లేదు. మీరున్న విమానాల్లో బరువు ముందున్న పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. కాస్త వంకర పోతే చాలు, ఆ బరువు వాటిని దాటి ముందుకు రావాలని చూస్తుంది, వంకర ఇంకా పెరుగుతుంది. పైగా వేగం తగ్గేకొద్దీ, పెడల్స్‌తో తిప్పే తోక పలకకి, అంటే రడ్డర్‌కి, గాలి చాలదు. ముక్కు చక్రం విమానాల్లో బరువు పెద్ద చక్రాలకు ముందుంటుంది. కాస్త వంకరగా దిగినా అదే సర్దుకుంటుంది. అందుకే సెస్నా కంపెనీ వాళ్ళు తమ 170 విమానంలో మిమ్మల్ని తీసేసి, ముక్కు కింద చక్రం పెట్టి, 1956లో 172 అని అమ్మారు. 44,000కు పైగా తయారయ్యాయి. మీకు కోపం రావడంలో న్యాయముంది.

ఇక్కడి రూలు ప్రకారం మీతో ఒంటరిగా ఎగరాలంటే లాగ్‌బుక్‌లో గురువుగారి సంతకం వేరేగా కావాలి. 1991 ఏప్రిల్ 15కి ముందే మీ విమానాలకు కెప్టెన్‌గా గంటలు రాసుకున్న పెద్దలకు అక్కర్లేదు. ఆ తేదీ సంగతి గాలికి ఎవరైనా చెప్పారో లేదో! ఆ పెద్దలే హ్యాంగర్ ముందు కుర్చీలు వేసుకుని, మేం దిగుతుంటే మార్కులు వేస్తుంటారు.

మన దేశంలోనూ మీరు తక్కువేం కాదు. హెచ్‌ఏఎల్ వాళ్ళు 1958లో ఎగరేసిన పుష్పక్ విమానం తోకలో ఉన్నదీ మీరే. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది దాని మీదే నేర్చుకున్నారు. రావణుడి పుష్పకం లంకలో దిగి గిర్రున తిరిగినట్టు మాత్రం నేనెక్కడా వినలేదు. అది మనసుతో నడిచేదట, పెడల్స్ గొడవ లేదు.

ప్రొపెల్లర్ నేలకి తగిలుంటే ఇంజన్ విప్పాల్సి వచ్చేది. అంతవరకు తీసుకెళ్ళనందుకు కృతజ్ఞతలు. ఈ శనివారం మళ్ళీ వస్తున్నాను. మందపాటి స్పోర్ట్స్ షూస్ వదిలేసి, పెడల్ కాలికి తెలిసేలా పల్చటి అడుగున్న బూట్లు కొన్నాను.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క. రెక్క చివర గుడ్డ అతికించారు. పసుపు రంగు కలవలేదు. కుర్చీల దగ్గర్నుంచి కూడా కనబడుతోంది.